కంచున వెలసిన వీరకన్య

పారిస్ మహానగరంలో సేన్ నదికి ఉత్తరపు ఒడ్డున ట్వీలరీ ఉద్యానవనం ఉన్నది. దానిని ఆనుకొని సాగే రివోలి వీథిలో పిరమిడ్ల కూడలి అనే చిన్న ప్రదేశం కలదు. ఆ కూడలి నడుమ ఎత్తైన పీఠం మీద బంగారు పూత పూసిన కంచు విగ్రహమొకటి ఎండవేళ ధగధగ మెరుస్తూ బాటసారుల చూపును ఆకర్షిస్తుంది. బలిష్ఠమైన గుఱ్ఱం అడుగు ముందుకు వేస్తూ ఉంటుంది. దానిపై ఉక్కు కవచం ధరించిన ఒక కన్య నిటారుగా కూర్చుని, పతాకాన్ని పైకెత్తి పట్టుకొని ఉంటుంది. ఆమె చూపు ఎదుటి దారిని విడువదు. ఎమాన్యుయేల్ ఫ్రెమియే అనే ప్రసిద్ధ శిల్పి మలచిన ఈ విగ్రహం 1874లో ఆవిష్కృతమైంది. ఆ అశ్వారూఢ జోన్ ఆఫ్ ఆర్క్. ఫ్రెంచివారు ఆమెను జాన్ దార్క్ అంటారు.

ఈ విగ్రహాన్ని చూచేవారికి తెలియని విశేషం ఒకటి ఉన్నది. ఆ ముఖం జోన్ ముఖం కాదు. ఆమెను ఎదుట నిలుపుకొని గీచిన చిత్రమేదీ నేటికి మిగలలేదు. ఆమె జీవించి ఉండగా గీచినదై నేటికి నిలిచినది ఒక్కటే బొమ్మ. పారిస్ న్యాయసభలోని లేఖకుడొకడు 1429 మే 10వ తేదీన తన దస్తావేజు అంచున కలంతో గీచిన చిన్న రేఖాచిత్రమది. అందులో కన్యకు పొడవైన కురులున్నాయి, పరికిణీ ఉన్నది. నిజానికి ఆనాటికి జోన్ జుట్టు కత్తిరించుకొని పురుష వేషం ధరించి ఉన్నది. ఆ లేఖకుడు ఆమెను ఎన్నడూ చూడలేదు. ఎవరూ సరిగా ఎరుగని ఆ ముఖానికి శిల్పులు తరతరాలుగా రూపం కల్పిస్తూనే ఉన్నారు. రూపం మరుగున పడినా ఇంతగా గుర్తుండిపోయిన ఆ పల్లెటూరి బాలిక ఎవరు? పంతొమ్మిదేండ్ల స్వల్ప జీవితంలో ఆమె సాధించినదేమిటి?

పదిహేనవ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రాన్సు దేశం అంధకారంలో మునిగి ఉన్నది. 1337లో ఇంగ్లండుతో ప్రారంభమైన శతవర్ష యుద్ధం తరాల తరబడి ఆ నేలను రక్తసిక్తం గావించింది. 1415లో అజింకూర్ యుద్ధభూమిలో ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీ ఫ్రెంచి సేనలను చిత్తుగా ఓడించాడు. బయటి శత్రువు చాలదన్నట్లు ఇంటి పోరు కూడా తోడైంది. 1419లో యువరాజు చార్లెస్ సమక్షంలోనే బర్గండీ ప్రభువు హత్యకు గురి కావడంతో ఆ ప్రభువు కుమారుడు ఫిలిప్ ఆగ్రహించి ఆంగ్లేయుల పక్షం చేరాడు. 1420లో త్ర్వా నగరంలో జరిగిన సంధి ప్రకారం ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్ తన కుమారుని కాదని, తన కుమార్తెను వివాహమాడిన ఐదవ హెన్రీని వారసునిగా అంగీకరించాడు. 1422లో ఆ ఇద్దరు రాజులూ నెలల వ్యవధిలో మరణించారు. పట్టుమని ఏడాది నిండని శిశువు ఆరవ హెన్రీని ఆంగ్లేయులు రెండు దేశాలకూ రాజుగా ప్రకటించారు. పారిస్ నగరం వారి చేతిలో ఉన్నది. ఫ్రెంచి రాజులు తరతరాలుగా పట్టాభిషిక్తులయ్యే రీమ్స్ నగరం వారి మిత్రుల వశంలో ఉన్నది. యువరాజు చార్లెస్ లువార్ నదికి దక్షిణాన కోటలలో తలదాచుకొని, కిరీటం లేని రాజుగా కాలం గడుపుతున్నాడు. చేతిలో ధనం లేదు. మనసులో ధైర్యం లేదు.

ఇట్టి విషమ కాలంలో, సుమారు 1412 ప్రాంతంలో, మ్యూజ్ నదీతీరాన దోమ్రెమీ అనే కుగ్రామంలో జోన్ జన్మించింది. తండ్రి జాక్ దార్క్, తల్లి ఇసబెల్ రోమే. వారు కాస్త భూవసతి గల కర్షకులు. తండ్రి గ్రామంలో పన్నులు వసూలు చేయడం, కావలి ఏర్పాట్లు చూడడం వంటి బాధ్యతలు కూడా నిర్వహించేవాడు. జోన్‌కు ముగ్గురు సోదరులు, ఒక సోదరి ఉండేవారు. ఆమె చదువుకోలేదు. భక్తిని, ప్రార్థనలను తల్లి వద్దనే నేర్చుకున్నది. పొలం పనులలో పెద్దలకు సాయపడేది. నూలు వడకడంలోను, కుట్టుపనిలోను నగర స్త్రీలెవరికీ తాను తీసిపోనని తరువాతి కాలంలో, ప్రాణాపాయ స్థితిలో న్యాయమూర్తుల ఎదుట నిలిచినప్పుడు కూడా ఆమె సగర్వంగా చెప్పుకొన్నది.

దోమ్రెమీ గ్రామస్థులు యువరాజు పక్షాన ఉండేవారు. చుట్టుపట్ల గ్రామాలలో బర్గండీ పక్షపాతులు లేకపోలేదు. దండులు వచ్చి ఇండ్లు తగులబెట్టడం, పశువులను తోలుకొనిపోవడం పరిపాటి అయింది. 1428లో ఊరు ఊరంతా పశువులను వెంటబెట్టుకొని సమీపంలోని నఫ్‌షాతో పట్టణానికి తరలిపోయింది. తిరిగి వచ్చేసరికి గ్రామం కాలిపోయి ఉన్నది. యుద్ధమంటే రాజుల నడుమ జరిగే వ్యవహారం మాత్రమే కాదని, అది పేదవాని పెరటిలోకి వచ్చే నిప్పు అని ఆ బాలిక పసితనంలోనే గ్రహించింది.

పదమూడేండ్ల వయసులో, ఒక వేసవి మధ్యాహ్నం తండ్రి తోటలో ఉండగా ఆమెకు ఒక దివ్యవాణి వినిపించింది. మొదట భయపడింది. క్రమంగా ఆ వాణి దేవదూత మిఖాయేలుదని, పుణ్యస్త్రీలు కేథరిన్, మార్గరెట్‌లదని విశ్వసించింది. దేశాన్ని రక్షించమని, యువరాజుకు పట్టాభిషేకం జరిపించమని ఆ వాణి తనను ఆదేశించినట్లు ఆమె నమ్మింది. ఆ అనుభవాన్ని చరిత్రకారులు పలు రీతుల వివరిస్తారు. అయితే ఆ నమ్మకం ఆమె జీవితాన్ని నడిపించిన తీరు మాత్రం నిర్వివాదాంశం.

ఆ దినాలలోనే జాక్ దార్క్‌కు ఒక కల వచ్చింది. కూతురు సైనికుల వెంట వెళ్లిపోతున్నట్లు కలగన్న ఆ తండ్రి నిశ్చేష్టుడయ్యాడు. ఆ కాలంలో దండు వెంట పోయే స్త్రీ అంటే లోకానికి తోచే అర్థం ఒక్కటే. అట్లు జరుగుతుందని తెలిస్తే ఆమెను ఏటిలో ముంచివేయమని, వారు చేయకుంటే తానే ఆ పని చేస్తానని అతడు కొడుకులతో అన్నాడు. తల్లిదండ్రులు ఆమెకు వివాహం చేయ సంకల్పించారు. పెండ్లికి మాట ఇచ్చి తప్పిందంటూ ఒక యువకుడు తూల్ నగరంలోని మతన్యాయస్థానంలో వ్యాజ్యం వేశాడు. జోన్ అక్కడికి వెళ్లి, తాను ఎవరికీ మాట ఇవ్వలేదని స్వయంగా వాదించుకొని గెలిచింది. ఎదుటివారు ఎంతటివారైనా తొణకక బదులు చెప్పగల గుణం ఆమెలో అప్పటికే ప్రస్ఫుటంగా ఉన్నది.

దోమ్రెమీకి ఉత్తరాన వోకూలేర్ అనే కోట ఉన్నది. దానికి రొబేర్ ద బోద్రికూర్ అధిపతి. 1428 మే మాసంలో జోన్ తన బంధువొకనిని వెంటబెట్టుకొని ఆ కోటకు వెళ్లి, తనను యువరాజు వద్దకు పంపమని కోరింది. ఎఱ్ఱని ముతక బట్టలు కట్టిన పల్లెటూరి పిల్ల మాటలకు కోటాధిపతి నవ్వాడు. ఈమెకు చెంపలు వాయించి పుట్టింట దిగవిడువమని ఆ బంధువుకు సలహా ఇచ్చాడు. ఆమె తిరిగి వెళ్లింది గాని ప్రయత్నం మానలేదు. 1429 ఆరంభంలో మళ్లీ వచ్చింది. ఈసారి ఊరిలోనే మకాం వేసి, తాను మోకాళ్లు అరిగేలా నడిచి అయినా యువరాజును చేరుకుంటానని అందరికీ చెప్పసాగింది. మొదట ప్రజలు నమ్మారు. తరువాత ఇద్దరు సైనికులు నమ్మారు. చివరకు కోటాధిపతి మెత్తబడ్డాడు. పురజనులు ఆమెకు గుఱ్ఱాన్ని, పురుష దుస్తులను సమకూర్చారు. బోద్రికూర్ ఒక ఖడ్గాన్ని ఇచ్చాడు. ఆమె తన జుట్టు కత్తిరించుకొని, ఫిబ్రవరి మాసంలో ఆరుగురు అనుచరులతో బయలుదేరింది. తల్లిదండ్రులకు ఆ సంగతి ముందుగా చెప్పలేదు. తరువాత ఉత్తరం వ్రాయించి వారి క్షమాపణ పొందింది.

శత్రువుల ఆధీనంలో ఉన్న సీమల గుండా, తరచు రాత్రివేళలలో ప్రయాణించి, పదకొండు దినాలలో ఆ బృందం షినోన్ కోటకు చేరింది. యువరాజు చార్లెస్ ఆమెను చూడడానికి మొదట సందేహించాడు. పిదప తన కొలువుకు రప్పించుకున్నాడు. సభాసదుల మధ్య కలిసి నిలిచిన చార్లెస్‌ను ఆమె పోల్చుకొని నమస్కరించినదని, అనంతరం ఏకాంతంగా మాట్లాడినదని సమకాలికులు పేర్కొన్నారు. ఆ ఏకాంతంలో ఏమి జరిగినదో ఆ ఇద్దరికే తెలియాలి. బయటికి వచ్చిన యువరాజు ముఖంలో మాత్రం చాలాకాలానికి వెలుగు కనిపించింది. అయినా అతడు తొందరపడలేదు. ఆమెను ప్వాతియే నగరానికి పంపి, మత పండితుల చేత సుమారు మూడు వారాల పాటు పరీక్షింపజేశాడు. ఆమెలో దోషమేదీ లేదని, వినయం, భక్తి, సరళత తప్ప వారికి మరేమీ కనిపించలేదని పండితులు తేల్చారు. ఓర్లేయాన్ నగరమే తనకు అసలైన పరీక్ష అని ఆమె వారికి విన్నవించింది.

ఓర్లేయాన్ లువార్ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న కీలక నగరం. అది పడిపోతే దక్షిణ ఫ్రాన్సుకు ద్వారం తెరచినట్లే. 1428 అక్టోబరు 12న ఆంగ్లేయులు దానిని ముట్టడించారు. నదిపై ఉన్న వంతెన దక్షిణపు కొసన తూరెల్ అనే బురుజును ఆక్రమించి, చుట్టూ కోటలు కట్టుకొని, నగరాన్ని ఆకలితో లొంగదీయ చూచారు. ఆరు నెలలు గడిచేసరికి లోపలి ప్రజల ఆశ అడుగంటింది. అట్టి సమయంలో 1429 ఏప్రిల్ 29న జోన్ ఆహార సామగ్రితో, సైన్యంతో నగరం ప్రవేశించింది. జనం కాగడాలు చేతబట్టి ఎదురేగారు. ఆమె గుఱ్ఱాన్నైనా తాకాలని ఒకరినొకరు తోసుకున్నారు.

ఆమె యుద్ధవిద్యలు అభ్యసించిన వీరవనిత కాదు. సేనాపతులకు ఆమె వ్యూహాలపై నమ్మకమూ లేదు. కొన్ని ఆలోచనలను వారు ఆమెకు తెలియనీయలేదు కూడా. ఆమె తెచ్చినది వేరొకటి. శిబిరంలో దూషణ భాషను, దోపిడిని నిషేధించింది. భటులను ప్రార్థనకు పురికొల్పింది. ఓటమికి అలవాటు పడిన సైన్యానికి గెలుపు సాధ్యమన్న నమ్మకం కలిగించింది. చేతిలో ఖడ్గం కంటె పతాకాన్నే ఆమె మిక్కిలిగా ప్రేమించింది. శత్రువును చంపవలసి వస్తుందనే ఆ పతాకాన్ని మోస్తున్నానని, తన చేతితో ఎవరినీ చంపలేదని తరువాత విచారణలో చెప్పింది. పారిస్ శిల్పి ఆమె చేత పతాకాన్ని నిలపడంలోని ఔచిత్యం ఇదే.

మే 4న సెయింట్ లూ కోట, మే 6న ఓగస్తాన్ కోట ఫ్రెంచివారి వశమయ్యాయి. మే 7న తూరెల్ బురుజుపై దాడి ప్రారంభమైంది. ఆనాడు నిచ్చెన ఎక్కుతుండగా ఒక బాణం వచ్చి మెడకు, భుజానికి నడుమ గాఢంగా నాటుకున్నది. బాధతో ఆమె ఏడ్చింది. గాయానికి నూనె, కొవ్వు రాసి కట్టు కట్టారు. మంత్రం వేసి నయం చేస్తామన్న వారిని ఆమె తిరస్కరించింది. సంధ్యవేళకు సేనాపతులు దాడి విరమించాలని నిశ్చయించారు. మరికొంతసేపు ఆగమని బతిమాలి, కాసేపు ద్రాక్షతోటలో ఒంటరిగా ప్రార్థించి, ఆమె తిరిగి కందకం అంచున నిలిచింది. ఆమె పతాకం మళ్లీ కనిపించేసరికి సైనికులు ఉప్పెనవలె ఎగబాకారు. బురుజు పడిపోయింది. మరునాడు, మే 8న, ఆంగ్లేయులు ముట్టడిని విడిచి తరలిపోయారు. ఏడు నెలల ముట్టడి ఆమె వచ్చిన పది దినాలలోనే ముగిసింది. ఓర్లేయాన్ వాసులు ఆ విజయాన్ని ఏటా మే మాసంలో నేటికీ ఉత్సవంగా జరుపుకొంటారు.

జూన్ మాసంలో లువార్ తీరపు కోటలు ఒక్కొక్కటిగా చేజిక్కాయి. జూన్ 18న పతే వద్ద జరిగిన సమరంలో ఆంగ్ల సైన్యం ఛిన్నాభిన్నమై, దాని ప్రసిద్ధ సేనాని టాల్బట్ బందీ అయ్యాడు. ఇక పారిస్‌పై దండెత్తుదామని కొందరు, నార్మండీపై పోదామని మరికొందరు అన్నారు. జోన్ మాత్రం రీమ్స్ నగరానికే పోవాలని పట్టుబట్టింది. ప్రజల దృష్టిలో పవిత్ర తైలంతో అభిషిక్తుడైనవాడే నిజమైన రాజు. ఆ సూక్ష్మాన్ని రాజనీతి గ్రంథాలు చదివిన మంత్రుల కంటె ముందుగా ఆ పల్లె పిల్ల గ్రహించింది. దారిలోని పట్టణాలు ద్వారాలు తెరిచాయి. 1429 జులై 17న రీమ్స్ ప్రధాన దేవాలయంలో ఏడవ చార్లెస్ పట్టాభిషేకం వైభవంగా జరిగింది. రాజు పక్కన జోన్ తన పతాకంతో నిలిచింది. కలగని కలవరపడిన తండ్రి కూడా ఆ నగరానికి వచ్చి కూతురిని చూచాడు. తన గ్రామానికి పన్నుల మినహాయింపు కలిగించమని ఆమె రాజును అర్థించింది. ఆ వరం లభించింది. తనకోసం ఆమె కోరుకున్నది ఏమీ లేదు.

పట్టాభిషేకంతో రాజు ఆశయం నెరవేరింది. అక్కడినుండి అతని ఉత్సాహం సన్నగిల్లింది. బర్గండీ ప్రభువుతో రాయబారాలు నడపడమే మేలని కొలువులోని పెద్దలు బోధించారు. జోన్ వినలేదు. సెప్టెంబరు 8న పారిస్ నగరపు సెయింట్ ఒనొరే ద్వారం వద్ద ఆమె సారథ్యంలో దాడి జరిగింది. కందకం లోతు కొలుస్తున్న ఆమె తొడకు బాణం తగిలింది. చీకటి పడేవరకు ఆమె కదలలేదు. బలవంతంగా తీసుకుపోవలసి వచ్చింది. మరునాడు మళ్లీ దాడి చేయబోగా రాజు వద్దని ఆజ్ఞాపించాడు. తరువాత సైన్యాన్ని రద్దు చేశాడు. పిరమిడ్ల కూడలిలోని కంచు విగ్రహం ఆమె గాయపడిన స్థలానికి అతి సమీపంలోనే నిలిచి ఉన్నది. జీవించి ఉండగా ప్రవేశించలేకపోయిన నగరంలో, నాలుగు వందల ఏండ్లకు పైగా గడిచిన పిదప, ఆమె ఆ విధంగా అశ్వారూఢయై ప్రవేశించింది.

1430 మే 23న కొంపియేన్ నగర రక్షణకై పోరాడుతూ వెనుదిరిగే సమయంలో జోన్ అందరికంటె వెనుక నిలిచింది. ఆమె చేరుకునే లోపలే నగరపు వంతెన ఎత్తివేయబడింది. బర్గండీ సైనికులు ఆమెను గుఱ్ఱం మీదినుండి లాగి బంధించారు. బోరివ్వార్ కోటలో బందీగా ఉన్నప్పుడు ఎత్తైన బురుజు పైనుండి దూకి తప్పించుకోజూచి గాయపడింది. చివరకు 10,000 లీవ్ర్ నాణేలకు ఆమెను ఆంగ్లేయులకు అమ్మివేశారు. ఆనాడు యుద్ధఖైదీలను ధనమిచ్చి విడిపించుకొనడం సాధారణ ఆచారం. ఆమె వలన కిరీటం పొందిన రాజు ఆమెను విడిపించుకొనడానికి ధనం చెల్లించలేదు.

ఆంగ్లేయులకు ఆమె మరణం మాత్రమే చాలదు. ఆమె మతద్రోహి అని రుజువైతే, ఆమె జరిపించిన పట్టాభిషేకం కూడా అపవిత్రమని లోకానికి చాటవచ్చు. అందుకే రువాన్ నగరంలో మతవిచారణ ఏర్పాటయింది. బోవే పీఠాధిపతి పియేర్ కొషోన్ దానికి అధ్యక్షుడు. పారిస్ విశ్వవిద్యాలయ పండితులు పెక్కుమంది సభ్యులు. 1431 ఫిబ్రవరి 21 నుండి ప్రశ్నల వర్షం మొదలైంది. ఆమెకు న్యాయవాది లేడు. మతవిచారణకు గురైన స్త్రీని మతాధికారుల చెరసాలలో ఉంచవలసి ఉండగా, కాళ్లకు సంకెళ్లు వేసి, ఆంగ్ల భటుల కాపలాలో కోటలోనే ఉంచారు. పోపుకు విన్నవించుకుంటానన్న ఆమె మొరను త్రోసిపుచ్చారు.

పండితుల ప్రశ్నలకు అక్షరజ్ఞానం లేని ఆ కన్య చెప్పిన సమాధానాలు నేటికీ చదువరులను ఆశ్చర్యచకితులను చేస్తాయి. ఆమె దైవానుగ్రహానికి పాత్రురాలా అని ఒకరు ప్రశ్నించారు. ఔనంటే అహంకారం; కాదంటే నేరాంగీకారం. తాను ఆ అనుగ్రహంలో లేకుంటే దేవుడు తనను అందులో చేర్చుగాక, ఉంటే అందులోనే నిలుపుగాక అన్న అర్థంతో ఆమె బదులు పలికింది. వల పన్నినవారు నివ్వెరపోయారు. మొదట డెబ్బది ఆరోపణలు మోపి, పిదప వాటిని పన్నెండుకు కుదించారు. దివ్యవాణులు బూటకమని, పురుష వేషం ధరించడం పాపమని వాటి సారాంశం.

మే 24న శ్మశాన ప్రాంగణంలో ఆమెను నిలిపి, తప్పు ఒప్పుకోకుంటే దహనమే గతి అని బెదిరించారు. నెలల తరబడి చెరలో నలిగిన ఆ బాలిక ఆ క్షణాన లొంగింది. వ్రాసి తెచ్చిన పత్రంపై గుర్తు పెట్టింది. యావజ్జీవ కారాగార శిక్ష విధించి, మళ్లీ అదే చెరకు పంపారు. నాలుగు దినాలైనా గడవకముందే ఆమె పురుష దుస్తులు తిరిగి ధరించింది. ప్రాణభీతితో అసత్యం పలికానని, దివ్యవాణి సత్యమేనని తెగేసి చెప్పింది. ఆమె భయపడలేదని చెప్పడం సత్యదూరం. భయపడింది, తడబడింది, దాని ఫలితమేమిటో తెలిసి కూడా తిరిగి సత్యం వైపు నిలిచింది. ఆమె ధీరత్వం అక్కడే పరాకాష్ఠకు చేరింది.

1431 మే 30న రువాన్ నగరంలోని పాత అంగడి వీథిలో ఆమెను సజీవంగా దహనం చేశారు. శిలువ కావాలని ఆమె అడుగగా, ఒక ఆంగ్ల సైనికుడు కట్టెపుల్లలతో చిన్న శిలువ చేసి ఇచ్చాడు. సమీపంలోని దేవాలయం నుండి తెచ్చిన శిలువను ఒక సన్యాసి ఆమె కండ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. మంటలలో ఆమె క్రీస్తు నామాన్ని పదేపదే ఉచ్చరించింది. అవశేషాలు ఎవరికీ దక్కరాదని భస్మాన్ని సేన్ నదిలో కలిపారు. అప్పటికి ఆమె వయస్సు పందొమ్మిదేండ్లు.

ఆమె మరణంతో యుద్ధం ఆంగ్లేయులకు అనుకూలించలేదు. 1435లో బర్గండీ ప్రభువు చార్లెస్‌తో సంధి చేసుకున్నాడు. 1436లో పారిస్, 1449లో రువాన్ ఫ్రెంచివారి వశమయ్యాయి. 1453లో శతవర్ష యుద్ధం ముగిసింది. తన కిరీటం ఒక మతద్రోహి వలన లభించిందన్న అపప్రథ తొలగించుకొనవలసిన అవసరం రాజుకు ఇప్పుడు కలిగింది. 1450లో విచారణకు ఆజ్ఞాపించాడు. 1455 నవంబరు 7న వృద్ధురాలైన ఇసబెల్ రోమే పారిస్‌లోని నోటర్‌డామ్ దేవాలయానికి వచ్చి, పోపు ప్రతినిధుల ఎదుట మోకరిల్లి, తన బిడ్డకు న్యాయం చేయమని మొరపెట్టుకున్నది. దోమ్రెమీ రైతులు మొదలుకొని సేనానుల వరకు నూరుమందికి పైగా సాక్షులు వాంగ్మూలమిచ్చారు. 1456 జులై 7న పూర్వపు తీర్పు చెల్లదని రువాన్‌లో ప్రకటించారు. ఇరవై ఐదేండ్లు ఆలస్యంగా వచ్చిన ఆ న్యాయం బిడ్డను తిరిగి ఇవ్వలేకపోయినా, తల్లి కడుపుకోతకు కొంత ఉపశమనమైంది. 1920లో పోపు పదిహేనవ బెనెడిక్ట్ జోన్‌కు పునీత హోదా ప్రసాదించాడు. అదే సంవత్సరం ఫ్రెంచి ప్రభుత్వం మే మాసపు రెండవ ఆదివారాన్ని ఆమె పేరిట జాతీయ పర్వదినంగా చట్టం చేసింది.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెంచి శిల్పులు ఆమెను పలు విధాల దర్శించారు. లూయీ ఫిలిప్ రాజు కుమార్తె మరీ స్వయంగా శిల్పి. ఖడ్గాన్ని హృదయానికి హత్తుకొని తలవంచి ప్రార్థించే జోన్‌ను ఆమె మలచింది. దాని కంచు ప్రతి ఓర్లేయాన్‌లో ఉన్నది. ఆ రాజకుమారి కూడా ఇరవై ఐదేండ్లకే కన్నుమూయడం విషాదకరం. ఓర్లేయాన్ ప్రధాన కూడలిలో ఫ్వాతియే మలచిన అశ్వారూఢ విగ్రహం 1855లో వెలసింది. ఆన్రీ షాపూ అనే శిల్పి కవచాన్ని, గుఱ్ఱాన్ని విడిచిపెట్టి, చేతులు జోడించి నేలపై కూర్చుని దివ్యవాణిని ఆలకించే పల్లె పడుచును రూపొందించాడు. పెద్ద విగ్రహాలను కొలత తప్పక చిన్నవిగా మలచే యంత్రం అప్పటికి అందుబాటులోకి రావడం వలన బార్బెదియెన్ వంటి పారిస్ పోతశాలలు అట్టి విగ్రహాలకు చిన్న కంచు ప్రతులను పోతపోశాయి. అవి మధ్యతరగతి గృహాలలోని బల్లలపైకి చేరాయి. నేడు పురాతన వస్తువులుగా కళాభిమానులు అపురూపంగా దాచుకొనేవి అట్టి ప్రతులే.

ఫ్రెమియే విగ్రహానికి వేరొక నేపథ్యం ఉన్నది. 1870-71 సంవత్సరాలలో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు ఘోరంగా ఓడి, అల్సాస్‌ను, లోరేన్‌లో ఒక భాగాన్ని కోల్పోయింది. కుంగిన జాతికి లోరేన్ సీమ అంచున పుట్టిన బాలిక గుర్తుకు వచ్చింది. అందుకే ఆమె విగ్రహాన్ని రాజధాని నడుమ నిలిపారు. అయితే గుఱ్ఱం మరీ పెద్దదిగా, కన్య మరీ చిన్నదిగా ఉన్నదని విమర్శలు వచ్చాయి. శిల్పి ఆ లోపాన్ని మనసులో ఉంచుకొని, పాతికేండ్ల తరువాత, 1899లో, సవరించిన కొత్త రూపాన్ని అదే పీఠంపై నిలిపాడు. తన కృతిలోని దోషాన్ని తానే దిద్దుకొనడానికి వెనుదీయని ఆ శిల్పి నిజాయితీ ప్రశంసనీయం. దాని ప్రతులు ఫిలడెల్ఫియా, మెల్‌బోర్న్ మొదలైన దూర నగరాలలోనూ వెలిశాయి. తెలుగువారి యానాం వలెనే 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండిన పుదుచ్చేరిలోనూ సముద్రతీరాన, దేవాలయానికి ఎదురుగా జోన్ విగ్రహం ఒకటి ఉన్నది.

రాగిని, తగరాన్ని కలిపి నిప్పులో కరగించి అచ్చులో పోస్తే కంచు విగ్రహం రూపొందుతుంది. ఏ నిప్పు ఆమె శరీరాన్ని బూడిద చేసిందో, ఆ నిప్పులోనుండే ఆమె రూపం మళ్లీ మళ్లీ వెలువడింది. రాజపక్షీయులు, ప్రజాస్వామ్యవాదులు, మతాభిమానులు ఎవరికి వారు ఆమె తమదేనన్నారు. బ్రతికి ఉన్న జోన్‌ను విడిపించడానికి ధనమివ్వని దేశం, మరణించిన జోన్‌కు బంగారు పూత పూసింది. ఆ స్వర్ణకాంతిని చూచి చేతులు జోడించేవారు కొంపియేన్ వంతెనను కూడా స్మరించాలి. మనకోసం నిలిచినవారి వెంట, వారు జీవించి ఉండగానే నిలబడడం విగ్రహ ప్రతిష్ఠ కంటె కష్టమైన పని; అంతకంటె గొప్ప పని.

కఠిన పదాలు - అర్థాలు

అశ్వారూఢ = గుఱ్ఱమెక్కినది
రక్తసిక్తం = నెత్తురుతో తడిసినది
కర్షకులు = రైతులు
నిర్వివాదాంశం = వాదానికి తావులేని విషయం
ప్రస్ఫుటంగా = మిక్కిలి స్పష్టంగా
ఔచిత్యం = తగినట్లుండడం
అపప్రథ = చెడ్డపేరు
పరాకాష్ఠ = చివరి హద్దు, ఉన్నత స్థితి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఓర్లేయాన్ నగర విముక్తిలో జోన్ నిర్వహించిన పాత్రను వివరించండి.
2. రువాన్ విచారణలో జోన్ ప్రదర్శించిన ధీరత్వాన్ని విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. జోన్ జన్మించేనాటికి ఫ్రాన్సు దేశ పరిస్థితి ఎట్లున్నది?
2. రీమ్స్ నగరానికే పోవాలని జోన్ ఎందుకు పట్టుబట్టింది?
3. 1456లో తీర్పును రద్దు చేయడం రాజుకు ఎందుకు అవసరమైంది?
4. ఫ్రెమియే తన విగ్రహాన్ని ఎందుకు మార్చాడు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జోన్ తల్లి పేరేమిటి?
2. జోన్ ఏ నగర రక్షణలో బందీ అయింది?
3. షాపూ మలచిన విగ్రహంలో జోన్ ఏ భంగిమలో ఉన్నది?